శరత్కాలమున రాజుకొలువు, ఇంటికొలువు

ఆశ్వయుజ కార్తికమాసములు శరదృతువు. వేదకాలమునుండియు మనుజుని యాయువును శరత్తులతో లెక్కించు వాడుక కలదు. అమరసింహుఁడును సంవత్సరమునకుఁ గల పర్యాయపదములలో శరచ్ఛబ్దమును బఠించెను. ఆంధ్రకవితకు నాద్యుఁడగు నన్నయభట్టు 11వ శతాబ్దమున నారణ్యపర్వమును దెనిఁగించుచు శారదరాత్రులను వర్ణించిన పద్యముతో గంటము విడిచెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షమును, శరత్తును వర్ణించెను. ఇట్లు కవులు శరత్తునం దాకాశమును, జలమును, వెన్నెలను జూపిరి. రాజులు దండయాత్రలను, ఉత్సవములను నడపి రాతిపైఁ దమ గుఱుతు నిలిపిరి. ఆ దినములలోనే వాకిట ముగ్గుపెట్టి, గూటిలో దీపముంచి, పొరుగింటి ముత్తైదువను బొట్టుపెట్టి పిలిచిన గృహిణి శరత్తు మాత్రము చరిత్రగ్రంథములలోఁ దఱచుగాఁ గానరాదు. దానికి శిలాసాక్ష్యము కొఱవడినను, శబ్దసాక్ష్యమును ఆచారసాక్ష్యమును గలవు.

మొదట రాజుల శరత్తును బరికింపవలయును. వానలు వెలిసి, బాటలాఱి, ఏఱులు దాఁటుటకు వీలగు నదను గావున శరత్తు జైత్రయాత్రకుఁ దగిన కాలమని ప్రాచీనుల మతము. కాళిదాసు రఘువంశమున నాలుగవసర్గమందు రఘువు దిగ్విజయమును శరత్తుననే యారంభింపఁజేసెను. విజయదశమినాఁటి యాయుధపూజ, శమీపూజ, సీమోల్లంఘనము అను మూఁడును యాత్రాంగములే. విజయనగరరాజులు నవరాత్రములను మహానవమి యను పేర మిక్కిలి వైభవముతో నడపిరి. 1443లో హెరాతు ప్రభువగు షారుఖు పంపిన రాయబారి అబ్దుర్ రజాకు రెండవ దేవరాయల కాలమున దీనిని జూచెను. 1520 ప్రాంతమునఁ గృష్ణరాయల నగరమునకు వచ్చిన పోర్చుగీసువాఁడు డొమింగో పేయిసు ఏనుఁగులను, గుఱ్ఱములను, మల్లయుద్ధములను, నాట్యమును, రాత్రి బాణసంచాను, జంతుబలులను, తుదకు జరుగు సేనాప్రదర్శనమును వర్ణించి వ్రాసెను. 1535 ప్రాంతమున నచటనుండిన నూనిజు మఱియొక విశేషమును దెలిపెను. ఈ తొమ్మిది దినములలోనే నాయకులు తాము రాజునకుఁ గట్టవలసిన సొమ్మును జెల్లింపవలయునఁట. కావున మహానవమి దేవతార్చనము మాత్రమే కాదు. అది కొలువు, సేన, బొక్కసము అను మూఁటిని ఏఁటికొకసారి సరిచూచుకొను రాజ్యకార్యము.

1565లో రక్కసి తంగడి యుద్ధము జరిగెను. నగరము పాడుపడెను. మహానవమిదిబ్బ యను నున్నతవేదిక నేఁటికిని హంపిలో నిలిచియున్నది. దానిమీఁద నేనుఁగుల బారులు, గుఱ్ఱములు, నాట్యకత్తెలు, వేటగాండ్రు ఱాతిలో నిలిచియున్నారు. పండుగ మాత్రమచట లేదు. సింహాసనము ననుసరించి యుత్సవమును దరలిపోయెను. 1610లో రాజ ఒడయరు శ్రీరంగపట్టణమున దసరాను నెలకొల్పెను. రాజోత్సవమునకు రాజు ప్రాణము. రాజున్నచోట నది యుండును, లేనిచోట నుండదు.

ఇఁక గృహమున కేఁగుదము. నవరాత్రములలోఁ దెలుఁగువారు పెక్కు ఇండ్ల బొమ్మలకొలువు తీర్తురు. కొందఱిండ్ల నిది సంక్రాంతికిఁ బెట్టుట యాచారము. సేవార్థకమగు ‘కొలుచు’ ధాతువునుండి ‘కొలువు’ పుట్టినది. సేవయు, సేవ జరుగు సభయు దాని యర్థములు. రాజు కొలువుదీరెననుట యెట్లో, బొమ్మలకొలువు తీర్చిరనుటయు నట్లే. మెట్లు మెట్లుగాఁ బీఁటలమర్చి, పైమెట్టున దేవతలను, దిగువ రాజును, రాణిని, సెట్టిని, సెట్టెమ్మను, తుది మెట్టునఁ బల్లెను, తోఁటను, పశువులను బేర్తురు. కొండపల్లి శిల్పులు తెల్లపొణికికఱ్ఱతోఁ జేయు నంబారీయేనుఁగు ఈ కొలువునకు వన్నె తెచ్చు బొమ్మ. రాజసభలోఁ జోటులేని గొల్లభామయు, పాలకుండయు నిచట రాజుతోపాటు కొలువుననుండును. ఇంతకును బొమ్మలకొలువునకు ముఖ్యము బొమ్మ కాదు, పేరంటము. సాయంకాలమున నిరుగుపొరుగు స్త్రీలను, బాలికలను బిలిచి, పసుపు కుంకుమలిచ్చి, పాటపాడించి, శనగలు తాంబూలము పెట్టి పంపినఁగాని కొలువు కొలువు కాదు. చూచువారు లేని కొలువు బొమ్మల పెట్టెయే యగును.

ఆయుధపూజయు నిట్లే గృహమునందు వేఱు రూపమును దాల్చినది. ఖడ్గములేని యింటిలోఁ బనిముట్టు పూజకు వచ్చెను. వడ్రంగి యులిని, బాడిసను, కమ్మరి సమ్మెటను, సాలెవాఁడు మగ్గమును, బాలుఁడు పుస్తకమును బూజించుచున్నారు. విరాటపర్వమున నర్జునుఁడు జమ్మిచెట్టునుండి గాండీవమును దీసికొనిన కథ తిక్కన తెలుఁగువలనఁ బల్లెపల్లెకుఁ దెలిసినదే. దసరానాఁటి సాయంకాలమున నూరివారెల్లరు పొలిమేరనున్న జమ్మికడకుఁ బోయి, యాకును గోసికొని వత్తురు. తెలంగాణమున దానిని ‘బంగార’మని పేర్కొని, పెద్దల చేతిలోనుంచి పాదములకు మ్రొక్కుదురు. సమానవయస్కులు కౌఁగిలించుకొందురు. రాజు పొలిమేర దాఁటి శత్రువుపైకిఁ బోయెను. గ్రామస్థుఁడు పొలిమేర వఱకుఁ బోయి, యాకు దెచ్చి, యేఁడంతయుఁ బలుకని దాయాది యింటి గడప తొక్కుచున్నాఁడు. రాజునకు సీమ దాఁటుట విజయము. పల్లెవానికి మరలివచ్చుట విజయము.

మూఁడవది బొక్కసము. నాయకులు రాజునకు సొమ్ము చెల్లించినట్లే, గృహస్థులు నవరాత్రములలో వీథిబడి యయ్యవారికి దసరామామూలు చెల్లించిరి. పిల్లలు కొత్తబట్టలు కట్టి, రంగుకాగితములంటించిన విల్లంబులు పట్టి, బుక్కా చల్లుచు, పద్యములు చదువుచు, అయ్యవారితోఁ గూడ నింటింటికిఁ దిరిగెడివారు. గురువునకు వరహాలను, తమకుఁ బప్పుబెల్లములను గోరుట వారి పాటలోని విషయము. ఇందుఁ జరిత్రాంశ మొకటి దాఁగియున్నది. వరహా విజయనగరకాలపు బంగారునాణెము. చెన్నపురి ప్రభుత్వమువారు 1818లో వరహాను మాని రూపాయను బ్రమాణముగాఁ గొనిరి. నాణెము పోయినను బిల్లలనోట దాని పేరు నిలిచెను.

ఈ మామూలు భిక్ష యని తలఁపరాదు. 1822లో సర్ థామస్ మన్రో యాజ్ఞచేఁ జెన్నపురి రాజధానిలోని దేశీయపాఠశాలలను లెక్కించిరి. 1816లోఁ దెలుఁగు వ్యాకరణమును బ్రకటించిన ఏ. డి. క్యాంబెలు నాఁడు బళ్ళారి కలెక్టరు. 1823లో నతఁడు పంపిన నివేదికయందు, నేఁటి యనంతపురప్రాంతమును గలిసియున్న యా మండలమున 533 పాఠశాలలున్నట్లును, అందుఁ దెలుఁగు చెప్పునవి 226 యున్నట్లును గలదు. వీనిలోఁ బెక్కింటికి రాజద్రవ్యము లేదు. పిల్లల యిండ్లవా రిచ్చునదియే యుపాధ్యాయుని జీవనము. కావున దసరానాఁటి యూరేఁగింపు బడియొక్క వార్షికపరీక్షయు, వేతనసంగ్రహమును గూడ నై యుండెను. పిల్లవాఁడు నేర్చిన పద్యమును గడపకడ వినిన గృహస్థుఁడు తానిచ్చు ద్రవ్యమునకు ఫలమును దన చెవులతోనే తెలిసికొనెను. వీథిబడులు పోయి సర్కారుబడులు వచ్చినపిదప నుపాధ్యాయునకు నెలజీతమేర్పడెను. అది మేలే. కాని వీథికిని, బడికిని నడుమనుండిన యీ సంబంధము తెగిపోయెను. పండుగకు మూలమగు నక్కఱ తొలఁగినపుడు పండుగయుఁ దొలఁగుననుట కిది నిదర్శనము.

ఇంతవఱకుఁ జెప్పినవానికి రాజోత్సవమున జోడు కలదు. తెలంగాణమందలి బతుకమ్మకు నట్టి జోడు కానరాదు. భాద్రపదామావాస్యనాఁ డెంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదవదినమున సద్దుల బతుకమ్మతో నిది ముగియును. వ్యాకరణసిద్ధమగు ‘బ్రతుకు’ శబ్దమే రేఫమును గోల్పోయి స్త్రీల వాడుకలో దేవత పేరయ్యెను. ‘చద్ది’యే ‘సద్ది’ యయ్యెను. ఈ పండుగకు గుడి లేదు, విగ్రహము లేదు, పురోహితుఁడు లేఁడు. తంగేడు బీడులలోఁ బూయును. గునుఁగు చేలలోఁ గలుపుగా మొలచును. ఈ రెండును దోఁటమాలి పెంచినవి కావు. వీనికి వెల లేదు. వానిని దెచ్చి పళ్ళెరమున వరుసలు వరుసలుగా శిఖరాకారమునఁ బేర్చి, పైనఁ బసుపుగౌరమ్మనుంచి, వాడవాడ స్త్రీలు నడుమ నుంచుకొని చప్పట్లు చఱచుచుఁ దిరిగి పాడి, చెఱువున విడుతురు. కాకతీయులకాలమునఁ గట్టించిన రామప్ప, పాకాల మొదలగు చెఱువులు వానకాలము నిండి శరత్తునఁ దేటపడును. చెఱువు నిండిన యూరనే బతుకమ్మకు నిండుదనము. చెఱువు పూడినచో బతుకమ్మకుఁ దావు లేదు. కాకతీయరాజ్యము 1323లోఁ గూలెను. వారి చెఱువులు పెక్కులు నిలిచినవి.

బతుకమ్మపాట భాషాచరిత్రమునందును లెక్కింపఁదగినది. హైదరాబాదు సంస్థానమున రాజభాష మొదటఁ బారసీకము, 19వ శతాబ్దపుఁ దుదినుండి యుర్దూ. 1918లో స్థాపింపఁబడిన యుస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష యుర్దూయే. కచేరీలోను, పెద్దచదువులోను దెలుఁగునకుఁ జోటు లేని యా కాలమున, ఏఁటేఁట తొమ్మిది దినములు తల్లివెంటఁ గూఁతురు, అత్తవెంటఁ గోడలు చెఱువుగట్టున రామాయణకథలను, కాపురపు సుఖదుఃఖములను, స్థలచరిత్రములను దెలుఁగుననే పాడిరి. అక్షరము నేర్వని స్త్రీ యిచట నుపాధ్యాయిని. 1948లో సంస్థానము భారతదేశమునఁ గలిసెను. పిదప బిరుదురాజు రామరాజుగారి వంటి పండితులు జానపదగేయములను బరిశోధింపఁ బూనినపు డట్టి స్త్రీల కంఠములే వారికి గ్రంథాలయములు. 2014లోఁ దెలంగాణరాష్ట్రమేర్పడినపుడు బతుకమ్మ రాష్ట్రోత్సవమయ్యెను. ఈ గౌరవము తగినదే. అయినను బ్రభుత్వమాదరింపని శతాబ్దములలో దీనిని నిలిపినది వాడయే యని చరిత్ర మఱవరాదు.

ఆంధ్రమండలములలో నిట్టిదే యట్లతద్ది. ఆశ్వయుజ బహుళతదియనాఁడు బాలికలు వేకువకు ముందే లేచి చద్దియన్నముఁ దిని, వీథిలో నాటలాడి, చెట్లకుఁ గట్టిన యుయ్యెలలూఁగి, పగలెల్ల నుపవాసముందురు. పున్నమ గడచిన మూఁడవనాఁడు గావున ప్రొద్దుగ్రుంకిన కొన్ని గడియలకుఁ గాని చంద్రుఁడుదయింపఁడు. అంతవఱకును వీథివారందఱును గూడి నిరీక్షింపవలయును. చంద్రదర్శనమైనపిదప గౌరికి నట్లు నివేదించి, ముత్తైదువులకు వాయనమిత్తురు. సంకల్పమునఁ బురోహితుఁడు ‘తృతీయా’ యనును. అదియే ప్రాకృతముగుండ వచ్చి ‘తదియ’ యయ్యెను. ఇల్లాలి నోట నింకను గుదించుకొని ‘తద్ది’ యయ్యెను. చతుర్థి చవితి యైనదియు, దీపము దివ్వె యైనదియు నిట్లే. పెక్కుతరముల వాడుకయందు నలిఁగినఁగాని పదమిట్లు నున్ననగాదు. ‘తద్ది’ యను రెండక్షరములు ఈ వ్రతము స్త్రీల నోట నెంతగా నానినదో తెలుపు శాసనము.

ఈ పండుగల కన్నిటికిని సమానధర్మమొక్కటి కలదు. వాయనము తనకుఁ దానిచ్చుకొనరాదు. బతుకమ్మచుట్టు నొక్కతె తిరుగరాదు. జమ్మియాకు నుంచుటకుఁ బెద్దచేయి కావలయును. రాజోత్సవమునకు రాజెట్లో, గృహోత్సవమున కిరుగుపొరుగట్లు. రాజు పోయినందున మహానవమిదిబ్బ శూన్యమైనది. ఇరుగుపొరుగు నిలిచినందున నింటికొలువు నిలిచినది. నేఁడు మేడమీఁద మేడగాఁ గట్టిన భవనములలో నొకగోడ కీవల నావల నుండువారు పరస్పరము పేరెఱుఁగక బ్రదుకుచున్నారు. అట్టిచోట బొమ్మలు కొనుట సులభమే, పేరంటాండ్రను గూర్చుటయే కష్టము. వీథిబడి మామూలు పోయినరీతిగా నివియుఁ బోకుండవలెనన్నఁ జేయవలసినది పెద్దకార్యము కాదు. పొరుగింటి తలుపు తట్టి బొట్టుపెట్టి పిలుచుటయే. పరిశోధకులును శిలాశాసనములను బ్రతిలేఖించు శ్రద్ధతోనే ఇంటి వృద్ధస్త్రీల పాటలను, పిండివంటల పేర్లను, తిథుల తద్భవరూపములను, ఏ యూర నెవ్వరు చెప్పిరో గుఱుతువేసి వ్రాసికొనవలయును. ఱాయి వేయేండ్లైనను వేచియుండును. అవ్వ గొంతుక వచ్చు శరత్తు వఱకు వేచియుండునని చెప్పరాదు.