మన పెరట్లో మొక్కలు ఏ ఊరివి?

మిరపకాయ మనది కాదు. ఈ మాట మా క్యాంపు మెస్సులో అన్నందుకు రెండు రోజులు నన్ను ఆట పట్టించిన్రు. ఎర్ర కారం లేకుంటే ముద్ద దిగని వాళ్ళం, మనది కాకుంటే మరి ఎవరిదే అని. కానీ చరిత్ర అదే చెప్తది. మిరప పుట్టింది అమెరికా ఖండంలో, మెక్సికో దిక్కు. 1492లో కొలంబస్ అటు పోయినంక, 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరంలో దిగినంక, పోర్చుగీసు ఓడల్లో ఆ గింజ మన దగ్గరికి చేరింది. అంటే మన దేశంలో మిరపకాయ వయసు ఐదు వందల ఏళ్ళు. అంతకు ముందు మన తాతముత్తాతలకు కారం అంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. కాకతీయుల ఓరుగల్లు కోటలో ఎంత పెద్ద విందు జరిగినా, అందులో ఒక్క పచ్చిమిరపకాయ లేదు.

ఎపిసోడ్‌లో టైం చాలక కొన్ని లెక్కలు వదిలేసిన. అవి ఇక్కడ రాస్తున్న.

ఇదంతా వెతకడానికి కారణం మా చిన్న బిడ్డ. ఏడేళ్ళది. పోయిన వానకాలం నలభై ఐదు రోజుల సెలవు మీద ఇంటికి పోయిన. పెరట్లో బోరు పక్కన కొంచెం జాగ ఖాళీగా ఉంటే ఇద్దరం తవ్వినం, నేను గడ్డపారతోటి, అది అన్నం తినే చెంచాతోటి. తోటకూర, పుంటికూర గింజలు చల్లినం. టమాట, వంకాయ, మిరప నారు పెట్టినం. కట్ట మీద ఒక మునగ కొమ్మ పాతినం. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని "డాడీ, ఇది ఏ ఊరిది?" అని అడుగుడే. దాని లెక్కలో అందరికీ ఒక ఊరు ఉంటది, వాళ్ళ డాడీకి మాత్రం రెండు. మంచం మీద కూసున్న మా బాపు "అన్నీ మనూరియే బిడ్డా" అన్నడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. దమ్మామ్ తిరిగొచ్చినంక, డ్యూటీ అయిపోయి రూముకు వచ్చిన రాత్రుళ్ళు ఫోన్‌లో చదువుకుంట కూసున్న.

టమాట, ఆలుగడ్డ దక్షిణ అమెరికావి. పల్లికాయ కూడా ఆ ఖండానిదే. మక్కలు మెక్సికోవి. బొప్పాయి, జామ, సీతాఫలం కూడా అటు దిక్కు నుంచి వచ్చినవే, మనం సీతమ్మ పేరు పెట్టుకున్నం గని. సీమచింతకు పేరులోనే సీమ ఉంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఆఫ్రికా లెక్క. జొన్నను మొదట సాగు చేసింది ఇప్పటి సుడాన్ దిక్కు. బొబ్బెర్లు, సొరకాయ, ఆముదం, వీటి మూలం కూడా ఆఫ్రికానే. ఇవి పోర్చుగీసు వాళ్ళు పుట్టకముందే, వేల ఏళ్ళ కిందనే మన దిక్కు చేరినయి. ఇక పుంటికూర, అంటే కోస్తా అన్నల గోంగూర, అది కూడా ఆఫ్రికా మొక్కనే! మా సైటులో సుడాన్ ఆయన స్టోర్‌కీపరు. చాయ బదులు ఎర్రగా, పుల్లగా ఉండే కర్కదే తాగుతడు. అది చేసేది ఎర్ర పుంటికూర జాతి మొక్కతోనే. పువ్వు రాలినంక కాయను చుట్టుకొని ఉండే ఎర్రటి తొడుగును ఎండబెట్టి మరిగిస్తరు. మనం ఆకు తింటున్నం, ఆయన తొడుగు తాగుతున్నడు. పన్నెండేళ్ళుగా ఒకే సైటులో ఉన్నం, ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

చింతపండు సంగతి ఇంకా తమాషా. అరబ్బులు దాన్ని తమర్ హింది అన్నరు, అంటే హిందూ దేశం ఖర్జూరం. ఇంగ్లీషు టామరిండ్ ఆ మాటే. కానీ చెట్టు మొదలు ఆఫ్రికాది అని మొక్కల శాస్త్రం చదివినోళ్ళు చెప్తరు. వంకాయది ఉల్టా కథ. అది మన దిక్కు నుంచి బయటికి పోయింది. ఇక్కడ కూరగాయల దుకాణంలో బాదింజాన్ అని రాసి ఉంటది చూడండి, ఆ మాట మన దేశపు మాట నుంచి పర్షియా మీదుగా అరబిక్‌లోకి వచ్చింది. అరబ్బుల నుంచి పోర్చుగీసు వాళ్ళు తీసుకున్నరు, వాళ్ళ నోటి నుంచి మళ్ళీ మన దేశానికే బ్రింజాల్ అయి తిరిగొచ్చింది. మునగ, కరివేపాకు, కంది మాత్రం అసలు మనవే. మా బాపు మాట కొంత నిలబడ్డది.

మొక్కలు ఓడ ఎక్కిన కథ ఇది. మనుషులు ఓడ ఎక్కి పోయి తోట పెట్టిన కథ ఇంకోటి ఉంది, నాకు అదే ముఖ్యం. 1860 నవంబర్ 16న ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. నాటాల్ చెరుకు తోటల్లో పనికి కాంట్రాక్టు మీద తెచ్చిన కూలీలు. 1911 దాకా అట్ల పోయినోళ్ళు దాదాపు 1,52,000 మంది. అందులో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం దిక్కు తెలుగోళ్ళు కూడా ఉన్నరు. కాంట్రాక్టు ఐదేళ్ళు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, ఆ తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు. రేషను, ఉండే గది యజమానివి. చదువుతుంటే మన అగ్రిమెంటు కాగితం యాదికొస్తది.

ఐదేళ్ళు అయినంక చాలామంది అక్కడే ఆగిన్రు. చిన్న చిన్న జాగలు కౌలుకు తీసుకొని కూరగాయలు పెట్టిన్రు. ఆలుమగలు తవ్వితే పిల్లలు నీళ్ళు పోసుడు, కలుపు తీసుడు. గంపలెత్తుకొని డర్బన్‌లో ఇంటింటికీ తిరిగి అమ్మిన్రు. వీళ్ళు మన దేశపు రకాలు తెచ్చి పండించిన్రని, దాంతో అక్కడ కూరగాయల ధర దిగిందని, మామిడి కూడా తెచ్చిన్రని గాంధీ తన ఆత్మకథలో రాసిండు. చెరుకు ఎంత నరికినా పంట దొరదే. కౌలు జాగలో పండిన బెండకాయ మాత్రం పండించినోడిదే. అది అమ్ముకుంటే మళ్ళీ కాంట్రాక్టు మీద వేలిముద్ర వేయకుండ బతకొచ్చు.

తోటల యజమానులకు మింగుడు పడనిది అదే. 1895లో నాటాల్ సర్కారు చట్టం తెచ్చింది. కాంట్రాక్టు అయిపోయినంక తిరిగి పోవాలె, లేకుంటే మళ్ళీ కాంట్రాక్టు కట్టాలె, రెండూ కాదంటే మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను. మొదట వాళ్ళు అడిగింది 25 పౌండ్లట. 3 పౌండ్లు అంటే 60 షిల్లింగులు, కొత్త కూలీకి ఆరు నెలల జీతం. 1903లో పిల్లల మీద కూడా వేసిన్రు, మగపిల్లలకు 16 ఏళ్ళు నిండితే, ఆడపిల్లలకు 13 నిండితే. ఆలుమగలు, ఈడొచ్చిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు. చెంచాతోటి తవ్విన మా బిడ్డ అక్కడ పుట్టి ఉంటే, ఇంకో ఆరేళ్ళకు సర్కారుకు బాకీ పడుతుండె.

చాలామంది కట్టలేక మళ్ళీ చెరుకు తోటలకే పోయిన్రు. 1913లో బొగ్గు గనుల కూలీలు పని ఆపిన్రు, సమ్మె చెరుకు తోటల దాకా పాకింది, వేలమంది కూలీలు కదిలిన్రు. 1914లో పన్ను రద్దయింది. సమ్మె అనంగనె అందరూ గాంధీ పేరే చెప్తరు. జీతం పోగొట్టుకొని, దెబ్బలు తిని, జైలుకు పోయింది మాత్రం ఈ కూలీలు. వాళ్ళు కూరగాయలు అమ్మిన 1910 నాటి పొద్దుటి మార్కెట్ డర్బన్‌లో ఇప్పటికీ ఉంది. అక్కడి మనోళ్ళ ఇళ్ళ వెనక కరివేపాకు చెట్లు ఇప్పటికీ ఉన్నయి.

మనకు ఇక్కడ కౌలు జాగ లేదు, వీసా అయిపోయినంక ఆగే దారి లేదు. అయినా ఏ క్యాంపు వెనకకైనా పోయి చూడండి, ఏసీ నీళ్ళు కారే పైపు కింద ఖాళీ పెయింటు డబ్బాల్లో పుదీన, పచ్చిమిర్చి కనపడతయి. సేఫ్టీ ఆఫీసరు వచ్చే రోజు అవి మంచం కిందికి పోతయి, అది వేరే సంగతి. మా బ్లాకు వెనక ఇప్పుడు నాలుగు డబ్బాలు ఉన్నయి. ఒక దాంట్లో మా స్టోర్‌కీపరు వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన కర్కదే గింజలు వేసిన. జానెడు పెరిగినయి. మొన్న శుక్రవారం ఒక ఆకు తెంపి నోట్లో వేసుకున్న. పులుపు మన పుంటికూరదే.