పెరటి మేపుల్: గుణములే దోషములైన కథ

ఇంటి ముంగిట చెట్టు నాటువారు అది ఎంత త్వరగా పెరుగును, ఎంత నీడ నిచ్చును, ఎంత అందముగా నుండును అని విచారింతురు. ఏబది సంవత్సరముల తరువాత అది ఏమి చేయునని విచారించువారు అరుదు. అమెరికా దేశపు పెరళ్లలో మేపుల్ వృక్షముల చరిత్ర ఈ విషయమున మంచి పాఠము నేర్పుచున్నది.

మేపుల్ ముఖ్యముగా సమశీతోష్ణ దేశముల వృక్షము. దీనిలో నూటికి పైగా జాతులు కలవు. ఆకు రాలు కాలమున పత్రహరితము క్షీణించినపుడు, అంతవరకు మరుగుపడియున్న పసుపు వర్ణకములు బయటపడును. కొన్ని జాతులలో ఆంథోసయనిన్ అను ఎఱ్ఱని వర్ణకము కొత్తగా ఏర్పడును. ఈ రంగులవలననే మేపుల్ ఉద్యానములలో చోటు సంపాదించుకొన్నది.

చక్కెర మేపుల్, ఎఱ్ఱ మేపుల్ మున్నగు స్వదేశపు జాతులు ఉండగనే, 1756 లో ఫిలడెల్ఫియా వాసియగు జాన్ బార్‌ట్రమ్ ఇంగ్లండునుండి నార్వే మేపుల్‌ను తెప్పించెను. ఆ ఎన్నిక అవివేకము కాదు. ఈ ఐరోపా వృక్షము వేగముగా పెరుగును. పట్టణపు పొగను, గట్టిపడిన నేలను సహించును. చిక్కని నీడ నిచ్చును. చక్కెర మేపుల్‌కు ఇంత ఓర్పు లేదు. 1930 లో డచ్ ఎల్మ్ తెగులు అమెరికాలో కనిపించి, తరువాతి దశాబ్దములలో వీధులవెంట నున్న ఎల్మ్ వృక్షములను నాశనము చేసినది. (మన నెమలినార ఈ ఎల్మ్ కుటుంబములోనిదే.) ఖాళీయైన చోట్ల పెక్కింట నార్వే మేపుల్‌నే నాటిరి.

అయితే, ఏ గుణములను చూచి దీనిని ఎన్నుకొనిరో ఆ గుణములే అడవికి కీడైనవి. రెక్కలుగల దాని గింజలు గాలిలో గిరగిర తిరుగుచు పోయి సమీపపు అడవులలో మొలచినవి. చక్కెర మేపుల్ ఆకు రాల్చిన తరువాత కూడ ఇది పచ్చగా నుండి, ఎండను ఎక్కువకాలము వినియోగించుకొనును. దాని చిక్కని నీడలో స్వదేశపు మొలకలు, అడవి పూలమొక్కలు ఎదుగలేవు. మాసచూసెట్స్ రాష్ట్రములో 2009 నుండి దీని అమ్మకము నిషిద్ధమైనది.

చిన్న పెరటికి తగినది జపాను మేపుల్. జపాను తోటమాలులు పదునేడవ శతాబ్దికే దీనిలో పెక్కు రకములను ఎన్నిక చేసిరి. లిన్నేయస్ శిష్యుడగు థున్‌బర్గ్ 1775-76 లో ఆ దేశమున నుండి, 1784 లో దీనికి అరచేతి ఆకారమును సూచించు 'ఏసర్ పామేటమ్' అను పేరు పెట్టెను. ఇది మెల్లగా పెరుగును. తోటలలో సాధారణముగా 8 మీటర్లు మించదు. గింజనుండి తల్లి గుణములు నిశ్చయముగా రావు గనుక, మన మామిడివలెనే దీనికి అంటు కట్టుదురు. వేడిగాలికి దీని ఆకుల అంచులు మాడును. ఇదియు అమెరికాకు పరదేశపు చెట్టే. కావున దీని మొలకలను సైతము కనిపెట్టి యుండవలెను.

ఆకు తొడిమను త్రుంచినచో నార్వే మేపుల్‌నుండి పాలు కారును. చక్కెర మేపుల్‌నుండి పాలు రావు. చెట్టును గుర్తించుటకు ఇంత చిన్న పరీక్ష చాలును. దాని నడవడిని తెలిసికొనుటకు మాత్రము రెండున్నర శతాబ్దములు పట్టినది.