అసలు రోలెక్స్, ‘ఫస్ట్ కాపీ’ రోలెక్స్: తేడా ఎక్కడ తెలుస్తుంది?

పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం హైదరాబాద్ ఇళ్లల్లో పాత అలవాటే. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు తమ్ముడికో, బావమరిదికో వాచీ తేవడమూ మామూలే. కొన్నేళ్లుగా ఈ కానుకల మధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది. అదే ‘ఫస్ట్ కాపీ’. డయల్ మీద రోలెక్స్ అనో, ఒమేగా అనో ఉంటుంది. ధర మాత్రం వేలల్లోనే. నకిలీ అని తెలిసి కొన్నవాళ్ల సంగతి వేరు. అదే వాచీ రెండు చేతులు మారి, ‘ఒరిజినల్, సెకండ్ హ్యాండ్’ పేరుతో ఇంకొకరికి లక్షలకు అంటగట్టినప్పుడే అసలు చిక్కు. నాలుగైదేళ్లు కూడబెట్టిన డబ్బు ఒక్క బేరంలో పోతుంది.

లగ్జరీ వాచీల్లో ఎక్కువగా నకలు చేసేవి రెండు రకాలు. ఒకటి నీళ్లలో దిగేవాళ్ల కోసం చేసిన డైవింగ్ వాచీ. రెండోది స్టాప్‌వాచ్ ఉండే క్రోనోగ్రాఫ్. ఈ రెండింటిలో అసలుకీ నకలుకీ తేడా ఏంటో, కొనేవాళ్లు ఏం చూడాలో వివరంగా తెలుసుకుందాం.

పని కోసం పుట్టిన వాచీలు

ఈ రెండు రకాలూ మొదట షోకు కోసం తయారైనవి కావు. రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953లో వచ్చింది. అప్పట్లో అది 100 మీటర్ల లోతు వరకు తట్టుకునేది, ఇప్పటి మోడల్ 300 మీటర్లు తట్టుకుంటుంది. అదే ఏడాది వచ్చిన బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ పేరులోనే దాని లోతు ఉంది. 50 ఫాథమ్‌లంటే దాదాపు 91 మీటర్లు.

క్రోనోగ్రాఫ్‌ల విషయానికొస్తే, ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957లో, రోలెక్స్ డేటోనా 1963లో వచ్చాయి. స్పీడ్‌మాస్టర్‌ను పరీక్షించిన నాసా 1965లో దాన్ని వ్యోమగాముల కోసం ఆమోదించింది. 1969లో అది చంద్రుడి మీదికి వెళ్లింది. డేటోనా కార్ రేసుల కోసం చేసింది. దాని అంచు మీద ఉండే అంకెల వరసను టాకీమీటర్ అంటారు. ఒక కిలోమీటరు దూరం 36 సెకన్లలో దాటితే ముల్లు 100 దగ్గర ఆగుతుంది. అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగమన్నమాట.

అంటే ఒకటి నీటిని లోపలికి రానివ్వకూడదు, రెండోది కాలాన్ని కచ్చితంగా కొలవాలి. నకలు చేసేవాళ్లు రూపాన్ని బాగానే దింపగలరు. ఈ రెండు పనుల దగ్గరే తేలిపోతారు.

నకళ్లలోనూ రకాలు

అన్ని నకళ్లూ ఒక్కలా ఉండవు. బజారులో మూడు రకాలు తిరుగుతున్నాయి.

మొదటిది చవక రకం. లోపల బ్యాటరీ మెషీనో, చవక చైనా ఆటోమేటిక్ మెషీనో ఉంటుంది. అక్షరాలు మొద్దుగా, చైను తేలిగ్గా ఉంటుంది. కొంచెం పరిశీలించి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

రెండోది ‘సూపర్ క్లోన్’. చైనాలోని గ్వాంగ్‌జౌ ఈ వ్యాపారానికి పేరుమోసింది. ఇందులో బెజెల్ సిరామిక్‌దే ఉంటుంది, అద్దం సఫైర్‌దే ఉంటుంది. అసలు మెషీన్ ఆకారాన్ని కూడా దించేసి, దాని మీద కంపెనీ పేరు చెక్కుతున్నారు. ఫొటోలో చూసి దీన్ని పట్టుకోవడం నిపుణులకే కష్టం.

మూడోదే అన్నింటికన్నా ప్రమాదకరం. దీన్ని వాచీ వ్యాపారులు ‘ఫ్రాంకెన్’ అంటారు. కొన్ని భాగాలు అసలువి, కొన్ని నకిలీవి. డయల్ అసలుది కావచ్చు, కేసు నకిలీది కావచ్చు. డబ్బా నిజమైనదే అయి ఉండొచ్చు, లోపలి వాచీ వేరేది అయి ఉండొచ్చు. ఏ ఒక్క భాగం చూపించి ‘చూడండి, ఒరిజినలే’ అన్నా నమ్మడానికి లేదు.

డైవింగ్ వాచీ: నీళ్ల దగ్గర తేలే నిజం

డైవింగ్ వాచీలకు ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం వాచీ కనీసం 100 మీటర్ల లోతు తట్టుకోవాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైమ్ కనిపించాలి. ఎంత సమయం నీళ్లలో ఉన్నామో చూపే బెజెల్ పొరపాటున తిరిగిపోకుండా రక్షణ ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యమైంది, ప్రతి వాచీనీ విడివిడిగా పరీక్షించాలి. అదీ రాసిన లోతుకన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో. 300 మీటర్ల వాచీ అంటే 375 మీటర్లకు సరిపడా ఒత్తిడి తట్టుకోవాల్సిందే. మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీలకు వర్తించే ఐఎస్‌ఓ 22810లో ప్రతి వాచీనీ పరీక్షించాలన్న నియమం లేదు, శాంపిల్ చూస్తే సరిపోతుంది.

నకలు వాచీ డయల్ మీద కూడా ‘300 మీటర్లు’ అనే ఉంటుంది. కానీ అది సిరా మాత్రమే. దాని వెనక పరీక్షా లేదు, బాధ్యత తీసుకునేవాళ్లూ లేరు. నీటిని ఆపేది అద్దం చుట్టూ, వెనక మూత కింద, క్రౌన్ లోపల ఉండే చిన్న రబ్బరు రింగులు. అవి సరిగ్గా కూర్చోకపోతే బావి ఈతకే వాచీ పాడైపోతుంది. ముందు అద్దం లోపల ఆవిరి పడుతుంది, తర్వాత ముళ్లకు, మెషీన్‌కు తుప్పు పడుతుంది.

కళ్లతో చూసి గమనించదగినవి కూడా కొన్ని ఉన్నాయి.

• సబ్‌మెరైనర్ బెజెల్ ఒకే వైపు తిరుగుతుంది. ఒక చుట్టుకు 120 క్లిక్‌లు. రెండు వైపులా తిరిగినా, వదులుగా ఊగినా అనుమానించాలి.

• సబ్‌మెరైనర్ వెనక మూత లోహానిదే. గాజు మూతలోంచి మెషీన్ కనిపిస్తుంటే అది నకిలీ. అదే సూత్రం అన్ని కంపెనీలకూ పట్టదు. ఇప్పటి ఒమేగా సీమాస్టర్ 300ఎమ్‌కు అసలులోనే గాజు మూత ఉంటుంది.

• తేదీ మీద ఉండే చిన్న లెన్స్ అంకెను రెండున్నర రెట్లు పెద్దగా చూపాలి. చాలా చవక నకళ్లలో అంకె చిన్నగానే ఉండిపోతుంది.

• ఇప్పటి రోలెక్స్ చీకట్లో నీలం రంగులో వెలుగుతుంది. గుర్తులన్నీ సమానంగా వెలగాలి. నకళ్లలో ముళ్లు ఒక రంగు, అంకెలు ఒక రంగు కావడం మామూలు.

క్రోనోగ్రాఫ్: చిన్న ముళ్లు చెప్పే సాక్ష్యం

క్రోనోగ్రాఫ్‌ను నకలు చేయడం డైవింగ్ వాచీకన్నా కష్టం. ఎందుకంటే బటన్ నొక్కితే పని చేసి చూపించాలి. డేటోనాలో మధ్యలో ఉండే పొడుగు సెకన్ల ముల్లు మామూలుగా కదలదు, 12 దగ్గర ఆగి ఉంటుంది. పై బటన్ నొక్కినప్పుడే బయల్దేరుతుంది. ఎప్పుడూ తిరిగేది 6 దగ్గరున్న చిన్న ముల్లు. 3 దగ్గరిది నిమిషాలు, 9 దగ్గరిది గంటలు లెక్కపెడతాయి. ఏ బటనూ నొక్కకుండానే మధ్య ముల్లు తిరుగుతుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

చవక నకళ్లలో ఇంకో మోసం ఉంటుంది. మూడు చిన్న డయళ్లూ స్టాప్‌వాచ్‌వి కావు. ఒకటి వారం, ఒకటి తేదీ, ఒకటి 24 గంటల సమయం చూపిస్తాయి. బటన్ నొక్కితే స్టాప్‌వాచ్ మొదలవడానికి బదులు తేదీ మారుతుంది.

కొంచెం ఖరీదైన నకళ్లలో వాల్జూ 7750 అనే పేరున్న స్విస్ మెషీన్ చైనా కాపీ ఉంటుంది. ఆ మెషీన్‌లో చిన్న డయళ్లు 12, 9, 6 దగ్గర ఉంటాయి. డేటోనాలా 3, 6, 9 దగ్గరికి మార్చాలంటే అదనంగా పళ్లచక్రాలు పెట్టాలి. దాంతో మెషీన్ మీద భారం పెరిగి త్వరగా మొరాయిస్తుంది. రోలెక్స్ 2000లో తెచ్చిన సొంత 4130 మెషీన్‌కు కూడా ఇప్పుడు నకళ్లు వచ్చాయి. కాబట్టి డయళ్ల స్థానం సరిపోయినంత మాత్రాన అసలని చెప్పలేం. వెనక మూత తెరిచి చూడాల్సిందే.

నమ్మకూడని పాత చిట్కాలు

‘సెకన్ల ముల్లు టిక్ టిక్ అనకుండా జారుతూ వెళ్తే ఒరిజినల్’ అని ఇప్పటికీ చాలామంది చెబుతారు. ఇది ఎప్పుడో చెల్లిపోయిన మాట. మూడు వేల రూపాయల ఆటోమేటిక్ వాచీలో కూడా ముల్లు జారుతూనే వెళ్తుంది. ఇప్పటి రోలెక్స్‌లలో చాలావరకు సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటాయి. కానీ అసలు స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్ ఆరు సార్లే కొట్టుకుంటుంది. అంటే వేగం చూసి తీర్పు చెప్పడం కుదరదు.

‘బరువుంటే అసలు’ అన్నదీ అంతే. ఉక్కు వాడితే నకలు కూడా బరువుగానే ఉంటుంది. సీరియల్ నంబర్ ఉందన్న మాటా చాలదు. ఒక అసలు వాచీ నంబర్‌ను వంద నకళ్ల మీద చెక్కొచ్చు. వారంటీ కార్డు కూడా అచ్చు వేయించొచ్చు.

లెక్క వేస్తే...

నకలు వాచీని సమర్థించేవాళ్లు ‘పదో వంతు ధరకు అదే రూపం వస్తోంది కదా’ అంటారు. లెక్క పూర్తిగా వేయాలి. ఒకరు రూ. 40 వేలు పెట్టి సూపర్ క్లోన్ కొన్నారనుకుందాం. దానికి నమ్మదగిన వారంటీ లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్ దాన్ని ముట్టుకోదు. పాడైతే ఇంకో నకలు నుంచి తీసిన భాగమే వేయాలి. నిజం చెప్పి అమ్మితే చేతికి వచ్చేది చాలా తక్కువ. అబద్ధం చెప్పి అమ్మితే నేరం. అంటే ఆ 40 వేలు కొన్న రోజునే ఖర్చు కింద రాసుకోవాలి, ఆస్తి కింద కాదు.

అసలు వాచీ లెక్క వేరు. కొత్త రోలెక్స్‌కు, ఒమేగాకు ఐదేళ్ల గ్యారంటీ ఉంటుంది. దశాబ్దాల తర్వాత కూడా సర్వీస్ చేయించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అయితే ప్రతి అసలు వాచీ ధరా పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. సర్వీస్ ఖర్చే వేలల్లో ఉంటుంది. అప్పు చేసి కొనాల్సిన వస్తువు అసలే కాదు.

చట్టం ఏమంటోంది?

ట్రేడ్‌మార్క్స్ చట్టం, 1999 ప్రకారం తప్పుడు బ్రాండ్ వేసిన సరుకును తయారు చేయడం, అమ్మడం, అమ్మడానికి దగ్గర పెట్టుకోవడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా. నకలును అసలని నమ్మించి అమ్మితే అది చీటింగ్ కూడా. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు.

సొంతానికి ఒకటి కొని పెట్టుకున్నవాళ్ల మీద మన చట్టం గురి లేదు. కానీ గల్ఫ్ నుంచి ‘ఫ్రెండ్స్ కోసం’ అని పది పన్నెండు నకళ్లు సూట్‌కేసులో తెస్తే అది వ్యాపారంగా కనిపిస్తుంది, కస్టమ్స్ పట్టుకోవచ్చు. ఇటలీ లాంటి దేశాల్లో అయితే నకిలీ కొన్నవాళ్లకు కూడా జరిమానా ఉంది. అసలు వాచీ తెచ్చేవాళ్లు కూడా సుంకం లేని పరిమితి దాటితే ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి. బిల్లు దగ్గర ఉంచుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేముందు

• వాచీకన్నా ముందు అమ్మేవాళ్లను చూడండి. శాశ్వత దుకాణం, జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు లేకపోతే బేరం ఆపేయండి.

• బిల్లులో బ్రాండ్, మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. ‘ఒరిజినల్’ అన్న మాట కాగితం మీద ఉండాలి.

• మొత్తం డబ్బు కట్టకముందే వెనక మూత తెరిపించి, అధీకృత సర్వీస్ సెంటర్‌లో గానీ మీకు నమ్మకమున్న వాచీ మెకానిక్ దగ్గర గానీ చూపించండి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే అదే జవాబు.

• బ్యాంకు ద్వారానే చెల్లించండి. రూ. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అమ్మేవాళ్లకే తప్పు. రూ. 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్ కూడా ఉంది. ‘క్యాషే కావాలి, బిల్లు వద్దు’ అనేవాళ్లు ధర తగ్గిస్తామన్నా వద్దనండి.

• రోలెక్స్ 2022 డిసెంబరులో సెకండ్ హ్యాండ్ వాచీలను తానే సర్టిఫై చేసే పథకం మొదలుపెట్టింది. ధర ఎక్కువే, కానీ రెండేళ్ల గ్యారంటీ వస్తుంది.

• వాచీ ఏదైనా సరే, ఈతకు వెళ్లేముందు మెకానిక్ దగ్గర ప్రెషర్ టెస్ట్ చేయించండి. రబ్బరు రింగులు అసలు వాచీలో కూడా కాలంతో ఎండిపోతాయి.

నకిలీ పేరు లేకుండానే...

సబ్‌మెరైనర్ లాంటి రూపం నచ్చితే దానికి దొంగ పేరు అవసరం లేదు. సీకో ప్రాస్పెక్స్‌లో, సిటిజన్ ప్రోమాస్టర్‌లో 200 మీటర్ల నిజమైన డైవింగ్ వాచీలు ఉన్నాయి. డయల్ మీద ‘డైవర్స్’ అన్న మాట ఉంటే అది ప్రమాణం ప్రకారం పరీక్షించిందని అర్థం. ఇంకా తక్కువలో కావాలంటే 200 మీటర్లు తట్టుకునే కేసియో వాచీలు ఉన్నాయి. మన టైటాన్‌లో క్రోనోగ్రాఫ్‌లూ దొరుకుతాయి. వీటిలో చాలావరకు మంచి సూపర్ క్లోన్ కన్నా చవక. బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది, ఊళ్లోనే రిపేరు అవుతుంది.

అల్లుడి చేతికి పెట్టే వాచీ మీద పేరు చిన్నదైనా ఫర్వాలేదు. రేపు అతను దాన్ని రిపేరుకు తీసుకెళ్తే, మెకానిక్ మూత తెరిచి అతని ముఖం వైపు చూడకుండా ఉంటే చాలు.