లెక్కలోకి రాని పురుగుల మందు

రైతు ఆత్మహత్యల మీద మన రాతలన్నీ ఒకే దారి పడతాయి: పంట పోయింది, అప్పు మిగిలింది, మనిషి పోయాడు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిని లద్దెపురుగు ఊడ్చేసినప్పుడు స్థిరపడిన కథనమిది. అటు బొగ్గు గనులు, ఇటు పత్తి చేలు ఉన్న గోదావరి ఒడ్డు జైపూర్ మండలానికీ దాన్నే అతికిస్తున్నాం. అది అబద్ధం కాదు గానీ సగమే నిజం. అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఏ కాలంలోనైనా ఉన్నారు. నిస్పృహ ముంచుకొచ్చిన గంటలో ఇంట్లో ఏం ఉంది అని అడిగినవాళ్లే తక్కువ.

ఆ ప్రశ్న అడిగినవి సమోవా, శ్రీలంక లాంటి దీవులు. దీవుల మీది పాత రాతలు కూడా 1897లో ఆత్మహత్యకు సామాజిక కారణాలు వెతికిన దుర్ఖైమ్ బాటలోనే నడిచాయి. బంధాలు తెగాయన్నారు, ఆధునికత తాకిందన్నారు. మైక్రోనేసియా యువకుల విషయంలో కుటుంబ కలహాన్ని చూపారు, అందులో నిజం లేకపోలేదు. సమోవాలో మాత్రం 1970ల్లో ఒక కలుపు మందు దిగాక మరణాలు ఎగబాకి, దాన్ని అదుపు చేశాక తగ్గాయి. అది చిన్న దేశం కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

శ్రీలంకను అలా తీసిపారేయలేం. 1950లో అక్కడ లక్ష జనాభాకు ఆరేడు ఆత్మహత్యలుండేవి. హరిత విప్లవం, దాని వెంట పురుగుల మందులు వచ్చాక, 1995 నాటికి అవి 47కు చేరాయి. అంతర్యుద్ధం వల్లనేనని, నిరుద్యోగం వల్లనేనని అందరూ అనుకున్నారు. 1984లో పారాథియాన్ అనే పురుగుల మందును ఆపారు. 1995లో మోనోక్రోటోఫాస్ సహా అత్యంత విషపూరితమైన మందుల దిగుమతి ఆపేశారు. 2008-11 మధ్య మరో మూడింటిని తీసేశారు. 2015 నాటికి ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. యుద్ధం ముగిసింది 2009లో, రేటు దిగడం మొదలైంది 1996లో. నిరుద్యోగం, విడాకులు, మద్యం లెక్కలు కూడా ఈ తగ్గుదలతో కలిసి రాలేదు. వరి దిగుబడీ తగ్గలేదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఆసుపత్రులది. విషం కేసులు తగ్గలేదు, చేరినవాళ్లలో బతికి ఇంటికి వెళ్లినవాళ్లు పెరిగారు. అంటే బాధ తగ్గలేదు, ఆ బాధ చావుగా మారడం తగ్గింది.

ఈ నిషేధాన్ని సర్వరోగ నివారిణి అనుకోకూడదు. ఇతర మార్గాల్లో మరణాలు కొంత పెరిగాయి, అయితే తగ్గినవాటిని పూడ్చేంతగా కాదు. మందు డబ్బాలకు తాళం పెట్టెలు ఇచ్చి చూద్దామని అనురాధపుర ప్రాంతంలో 180 ఊళ్లలో పెద్ద ప్రయోగం చేశారు. ఫలితం కనబడలేదు. తాళం చెవి ఉండేదీ ఆ ఇంట్లోనే కదా! మందు దుకాణానికే రాకుండా ఆపినప్పుడే పని జరిగింది.

ఇక మన సంగతి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లో అన్నారు. తినేవాడి గురించి ఆలోచించారు, డబ్బా ఇంటికి తెచ్చుకునేవాడి గురించి కాదు. 2013లో బిహార్‌లో ఆ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. అయినా పత్తికి వాడే 36 శాతం ద్రావణాన్ని ఆపాలన్న ఉత్తర్వు 2023లో గానీ రాలేదు.

తెలంగాణలో జరిగిందంతా పరిహారం చరిత్రే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 421 కింద లక్షన్నర, 2015లో జీవో 194 కింద ఆరు లక్షలు. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి త్రిసభ్య కమిటీగా వచ్చి పట్టాదారు పాస్‌బుక్, అప్పు పత్రాలు, పోస్ట్‌మార్టం నివేదిక అడుగుతారు. ఫోరెన్సిక్ నివేదిక కూడా కావాలంటారు. అందులో మందు పేరు ఉంటుంది. కానీ అది కుటుంబం చెప్పింది నిజమా అని తేల్చడానికే పనికొస్తుంది, ఏ మందు ఎందరిని తీసుకుపోయిందో కూడడానికి కాదు. ఒక్కో కుటుంబం చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన ఆ కాగితాలన్నీ ఫైళ్లలోనే పడి ఉంటాయి.

2018లో వచ్చిన రైతుబీమా నయం. ఎలా పోయినా ఐదు లక్షలిస్తుంది, ఇంటివాళ్లను నిలదీయదు. అయితే కౌలురైతుకు అదీ లేదు. జైపూర్‌లో సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉంది, పక్క చేలో పత్తి వేసిన కౌలుదారుకు పాస్‌బుక్కే లేదు. మాట్లాడే మనిషి కావాలన్న గుర్తింపు ఈమధ్యే వచ్చింది. 2017లో వికారాబాద్‌లో మొదలైన కిసాన్ మిత్ర సహాయవాణి, 2022లో వచ్చిన టెలి మానస్ (14416, ఉచితం, తెలుగులోనూ పలుకుతారు) అవసరమైనవే. కానీ ఫోన్ చేయాలంటే ముందు ఆ నిస్పృహ గంట గడవాలి. ఆ గంటను గడిపించేది ఇంట్లో ఆ డబ్బా లేకపోవడమే.

2022 నాటి జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030కల్లా మరణాలను 10 శాతం తగ్గిస్తామంటోంది. శ్రీలంక సాధించిన దాని పక్కన పెడితే ఇది పిరికి లక్ష్యమనిపిస్తుంది. రాష్ట్రం తనంతట తాను కదలాలన్నా 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ఒక మందును 60 రోజులే ఆపనిస్తుంది. మరీ అవసరమైతే ఇంకో 30. పత్తి చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది.