పాత్రాభినయ క్రీడల్లో ఎదుగుదల గాథ: స్థాయి నుంచి శీలానికి

బల్ల చుట్టూ కూర్చొని, తలా ఒక పాత్ర ధరించి, సంభాషణతోను పాచికలతోను కథ నడిపే క్రీడకు 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నాంది పలికింది. యుద్ధక్రీడల నుంచి పుట్టినందున అందులో ఎదుగుదలకు కొలమానం అనుభవాంకాలు, స్థాయిలు. శత్రువును గెలిచి, నిధి సాధించిన పాత్ర స్థాయి పెరుగుతుంది. అది బలవృద్ధి, వ్యక్తిత్వ పరిణతి ఆటగాళ్ల ఊహకే మిగిలింది.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రచించిన ‘పెండ్రాగన్’ ఈ పరిణతినే నియమబద్ధం చేసింది. ఆర్థర్ రాజు గాథలు దీనికి ఆధారం. నైట్‌ను సేవిస్తూ విద్య నేర్చే స్క్వైర్ దశ ముగించిన యువకుడు ఇందులో కథానాయకుడు. దయ, క్రౌర్యం వంటి 13 గుణద్వంద్వాలు అతని శీలాన్ని నిర్ణయిస్తాయి. ప్రతి జంట మొత్తం 20. ఒక గుణం 16కు చేరితే అది లోకప్రసిద్ధమవుతుంది. అప్పుడు పరీక్షా ఘట్టంలో ఆటగాడి ఇష్టానికి భిన్నంగా పాచికే అతని నడవడిని శాసించవచ్చు. సంపాదించిన పేరుకు కట్టుబడటమే పెద్దరికమన్న భావన ఇక్కడ వ్యక్తమవుతుంది.

జీవితదశల మార్పును సూచించే క్రతువుల్లో వేర్పాటు, సంధిదశ, పునఃప్రవేశం అనే మూడు అంగాలను ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో గుర్తించాడు. ఎదుగుదల సాహసాన్ని రూపొందించే నిర్వాహకుడికీ ఈ క్రమం వర్తిస్తుంది: ఇల్లు విడిచే కారణం, పెద్దల తోడులేని నిర్ణయం, తిరిగివచ్చాక సమాజం ఇచ్చే గుర్తింపు. ఈ మూడవ అంగం లోపించిన సాహసంలో యువకుడు విజేత కాగలడు గాని, పెద్దవాడు కాలేడు.