వాగ్గేయకారులు బాలమురళీకృష్ణగారు

మా రామచంద్రపురమునుండి కోటిపల్లి రేవునకు పోయి గౌతమిని దాటినచో కోనసీమ. ఆ సీమలో రాజోలు ప్రాంతమునందలి శంకరగుప్తమను గ్రామమున 1930 జూలై 6వ తేదీని మంగళంపల్లి మురళీకృష్ణగారు జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. శిశువుగా నున్నప్పుడే తల్లి గతింపగా, తండ్రి పెంచి పెద్దచేసి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి శిష్యునిగా నొప్పగించిరి. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. వారు త్యాగరాజస్వామివారి శిష్యులు. ఈ బాలుడు ఆ పరంపరలో ఐదవ తరమువాడు.

ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడలో త్యాగరాజారాధనోత్సవమునందు ఆయన గానము చేసిరి. ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆయన పేరునకు ముందు 'బాల' శబ్దమును చేర్చిరి. యౌవనారంభముననే డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించిరి. అవి 1952లో అచ్చుపడెను. 1948లో వెలసిన విజయవాడ రేడియో కేంద్రమున పనిచేయుచు ఉదయకాలపు 'భక్తిరంజని'కి ఆయన ప్రాణము పోసిరి.

పాశ్చాత్యదేశములలో రచయిత వేరు, వాయించువారు వేరు. ఇంగ్లండునందు బెంజమిన్ బ్రిటెన్ (1913–1976) వంటివారు ప్రతిస్వరమును కాగితముపై నుంచిరి. వాద్యబృందములు దానిని పలికించును. మన వాగ్గేయకారుడో, మాటయు పాటయు తానే కట్టి తన కంఠముననే నిలుపును. కావున ఆయన చేసిన మార్పు సభలోనే పరీక్షకు గురియగును.

ఇచ్చటనే వివాదము పుట్టెను. రాగమునకు ఐదు స్వరములైన నుండవలెనని పెద్దల మాట. బాలమురళిగారు నాలుగు స్వరములతో మహతిని, లవంగిని పాడిరి. షడ్జమ మధ్యమ పంచమములు మూటితోనే సర్వశ్రీని కూర్చిరి. ఇది సంప్రదాయభంగమని కొందరు పండితులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. సర్వశ్రీలో షడ్జమ పంచమములు తంబురా శ్రుతిలోనే యున్నవి. మిగిలినది మధ్యమ మొక్కటే. విస్తారమున కందు చోటు స్వల్పము. దానిని నేను ఒక సాహసోదాహరణముగా మాత్రమే యెంచుదును. లవంగి యట్టిది కాదు. శుద్ధ రిషభ, మధ్యమ, ధైవతములు షడ్జమముతో కూడి వేరొక రాగచ్ఛాయ సోకని స్వరూపము నొసగుచున్నవి. వినినవాడు రెండవమారు గుర్తింపగలిగినచో అది రాగమే యని నా నిశ్చయము. త్యాగరాజస్వామివారు సైతము పూర్వులు కృతులు రచింపని రాగములకు రూపము కల్పించిరి గదా!

ఆయనకు 1978లో సంగీతకళానిధి బిరుదమును, 1991లో పద్మవిభూషణమును లభించెను. 2016 నవంబరు 22న చెన్నైలో కీర్తిశేషులైరి.

గ్రామపెద్దలకు నాదొక విన్నపము. మీ యూరి భజనలో ఒక బాలుడు క్రొత్తవరుస కట్టినచో వెంటనే వారింపకుడు. గురుముఖమున మొదట పాఠము చెప్పించుడు. డెబ్బదిరెండు మేళములను సాధించిన కంఠమునకే నాలుగు స్వరములు లొంగినవి.