జోలపాట అంత పొడుగెందుకు?

నాలుగో నెల వచ్చేసరికి, అంతవరకు బాగా నిద్రపోయిన బిడ్డ రాత్రి గంటకొకసారి లేస్తుంది. పగలు పడుకోబెట్టిన అరగంటకే కళ్ళు తెరుస్తుంది. మా ఐరాలలో అయితే బాలింతకు వెంటనే మూడు తీర్పులు: పాలు చాలడం లేదు, దిష్టి తగిలింది, ఒడి అలవాటు చేసింది. ఈ మధ్య మా అక్క కూతురు మూడూ వినింది. పాపం, తనలోనే ఏదో లోపం ఉందనుకుంది.

బిడ్డలు లేవడం కొత్త కాదు. తెల్లవార్లూ కదలకుండా పడుకోవాలనే పట్టుదలే కొత్తది.

తిరుమలలో రోజూ చివరి సేవ ఏకాంతసేవ. భోగ శ్రీనివాసమూర్తిని ఊయల మంచం మీద పవళింపజేసి, తాళ్ళపాక అన్నమయ్య (1408–1503) లాలి పాడతారు. మళ్ళీ చీకటితోనే సుప్రభాతం. చంటిబిడ్డ ఉన్న ఇంటి నిద్రకూ స్వామి నిద్రకూ పెద్ద తేడా లేదు! బి.ఏ.లో అన్నమయ్య జోలపాట చదివినప్పుడు ఇన్ని చరణాలెందుకా అనిపించింది. నాకు బిడ్డ పుట్టాక ఆ అనుమానం తీరిపోయింది. రెండు చరణాలకే పడుకునే బిడ్డ ఏ యుగంలోనూ లేదు.

అయితే పాడే తీరిక అందరికీ ఉండాలి కదా. మా పక్క చెరకు తోటల్లో, చెనక్కాయ చేలల్లో కూలికి పోయే ఆడవాళ్ళు చెట్టుకొమ్మకు పాతచీర కట్టి, పెద్దబిడ్డను ఊపమని చెప్పి పనిలోకి దిగేవాళ్ళు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఆ వీలూ లేదు. 1920ల్లో అక్కడి తల్లులు నల్లమందు కలిసిన ‘బాలగోళీ’లు బిడ్డ నోట్లో వేసి పనికి పోయేవాళ్ళు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. ఆ మందులతో పడుకున్న బిడ్డలు కొందరు మళ్ళీ లేవలేదు. ఆ తల్లులను తిట్టడానికి నాకు నోరు రాదు.

1894లో న్యూయార్క్ డాక్టర్ ఎమెట్ హోల్ట్ పుస్తకం వచ్చింది. గడియారం ప్రకారం పెంచండి, ఊపకండి, అలవాటు ఏడుపైతే ఏడవనివ్వండి అన్నాడాయన. ఇప్పటి ఫోన్లలో తిరిగే నిద్ర పాఠాలకు ఆయన తాతలాంటివాడు.

1953లో షికాగోలో క్లైట్‌మన్, ఎంగెల్‌మన్ చంటిబిడ్డల నిద్రను వారాల తరబడి రాసి చూశారు. మొత్తం నిద్ర పెద్దగా మారలేదు. పగటి నిద్రే మెల్లమెల్లగా రాత్రికి జరిగింది. మూడు నాలుగు నెలలప్పుడు నిద్ర పెద్దవాళ్ళ నిద్రలాగా దశలుగా మారుతుంది. ఒక దశకూ ఇంకో దశకూ మధ్య మెలకువ వస్తుంది. పాలకూ దిష్టికీ దీంతో పనిలేదు.

పగలు వెలుతురు, రాత్రి చీకటి, రోజూ అదే వేళకు అదే పాట, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడం. అక్క కూతురికి నేను చెప్పింది ఇంతే.

మా అవ్వ జోలలో మొదట చుట్టాల పేర్లు వచ్చేవి. అవి అయిపోతే ఊర్లు: కాణిపాకం, పూతలపట్టు, పాకాల, చంద్రగిరి. మొండిబిడ్డ అయితే పాట తిరుపతి దాకా పోయేది.